నిటారుగా నడిస్తే నాగలి

మా కాలేజీలో స్త్రీవాదుల సంఖ్య ఏళ్ళ తరబడి నిలకడగా ఒకటి దగ్గరే ఉండేది. ఆ ఒకటీ నేనే. అదీ వారానికి ఆరు రోజులే. సోమవారం పొద్దున్న బస్సు అనంతగిరి దాటాక నాకు స్త్రీవాదం పట్టేది. శనివారం సాయంత్రం అదే బస్సు ఘాటు రోడ్డు దిగి శృంగవరపుకోట చేరేసరికి వదిలిపోయేది. పార్వతీపురంలో మా పిన్ని, నన్ను చూసుకోవడానికి వచ్చిన పెళ్ళివారితో, "మా పిల్ల కొండమీద గుంటలకి కుట్లూ అల్లికలూ నేర్పుతాది" అని చెప్పేది. మావైపు గుంట అంటే ఆడపిల్ల. నేను చెప్పేది తెలుగు పాఠాలు. అయినా కాదనేదాన్ని కాదు. కాదంటే ఏం చెబుతున్నావని అడుగుతారు, అడిగితే చెప్పాలి, చెబితే పెళ్ళివారు కాఫీ కూడా తాగకుండా లేచిపోతారు. తాగి లేచిపోవడం వేరు, తాగకుండా లేచిపోవడం వేరు.

కాలేజీ అంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల షెడ్లు, ఒక నీళ్ళ ట్యాంకు, ప్రిన్సిపాలు గారి కుర్చీ. వానాకాలం వస్తే రేకుల మీద మోతకి పాఠం వినపడేది కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా నేనేం చెప్పానో నాకే తెలీదు. చలికాలం వస్తే మంచు తలుపులోంచి లోపలికి వచ్చి ముందు బెంచీలో కూర్చునేది. హాజరు పిలిస్తే "ప్రెజెంట్ మేడమ్" అన్న మాట పొద్దున్నే వినపడేది, ఆ మాట అన్న మనిషి మాత్రం పదకొండింటికి గానీ కనపడేది కాదు. తొంభైలు పోయి రెండువేలు వచ్చిన ఆ రోజుల్లో కొండ కింద పల్లంలో పిల్లలు కంప్యూటర్లు నేర్చుకుంటున్నారని వినేవాళ్ళం. మా దగ్గర కరెంటు వచ్చిందంటే అదే ఒక విశేషం.

ఏటా జూన్‌లో కొత్త బ్యాచి రాగానే, మొదటి పాఠం అయ్యాక ఆడపిల్లల్ని ఒకటే ప్రశ్న అడిగేదాన్ని. "మీలో స్త్రీవాదినని చెప్పుకునేవాళ్ళు ఎవరు?" అప్పుడు క్లాసులో పుట్టే నిశ్శబ్దం మామూలుది కాదు. అవతలి కొండమీద కాఫీ కాయ పండుతున్న చప్పుడు వినిపించేది. ఎవరో ఒకామె బెంచీ కిందకి వంగి పడిపోని పెన్ను వెతుక్కునేది. బతిమాలితే ఒక్కొక్కరే నోరు విప్పేవారు.

"జుత్తు కత్తిరించుకోవాలి కదా మేడమ్" అంది ఒకామె, జడ ముందుకు లాక్కుని.

"అది విశాఖపట్నమోళ్ళకి మేడమ్" అంది ఇంకొకామె.

"మా అక్క మొగుణ్ణి ఒదిలీసి రెండో మనువెళ్ళిపోయింది మేడమ్. ఓలి కట్టిన మేకలు తిప్పి ఇచ్చీసేరు, అయిపోయింది. దానికి ఏ వాదమూ అక్కర్లేకపోయింది" అంది మూడో ఆమె.

ఓలి అంటే పెళ్ళికి మగపిల్లాడి వాళ్ళు ఆడపిల్ల వాళ్ళకి ఇచ్చుకునేది. మా పల్లంలో ఆ పని చెయ్యాలంటే స్త్రీవాదం ఒక్కటే సరిపోదు. కోర్టూ, ఇద్దరు లాయర్లూ, ఊరు విడిచిపోవడానికి రైలు టిక్కెట్టూ కావాలి. ఆ పిల్లలకి పుట్టుకతో ఉన్నవి మాకు వాదించినా దొరకవు. కానీ వాళ్ళకి లేనిది కూడా ఒకటుందని ఒక ఏడాది తెలిసింది.

ఆ ఏడాది వెనక బెంచీలో ఒక గుంట ఉండేది. పొట్టి మనిషే గానీ గొంతు మాత్రం గాలికొండ దాకా వినపడేది. హాస్టల్లో సాంబారు పల్చగా ఉందని గిన్నె తీసుకెళ్ళి ప్రిన్సిపాలు గారి బల్లమీద పెట్టి, "ఇందులో మీ మొకం కనపడతందా సార్, సూసుకోండి" అంది. ఆయన చూసుకున్నారు. కనపడింది. మర్నాటి నుంచి సాంబారు చిక్కబడింది. జీపులో పక్కనోడు మీద చెయ్యి వేస్తే, వాడి చెయ్యి పట్టుకుని పైకెత్తి, "ఈ సెయ్యి ఎవులిది, పారీసుకున్నారేటి?" అని జీపంతా అడిగింది. వాడు తరవాతి మలుపులో, బండి ఆగకముందే దిగిపోయాడట. చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్ళు వేటకి పోతారు, ఉత్తచేతులతో తిరిగొచ్చిన మగాణ్ణి ఆడవాళ్ళు పేడనీళ్ళతో తడిపేస్తారు. ఆ పండగలో చందా కోసం నా బస్సుకి అడ్డంగా వెదురుగడ పెట్టి ఆపింది ఆ గుంటే. చేతిలో పేడ బకెట్టు. వేటకెళ్ళి ఒట్టి విల్లుతో వచ్చిన సొంత మేనమామని తల నుంచి కాలి దాకా ముంచి, "మావా, పులి నిన్ను సూసి బయపడిపోయిందా?" అంటోంది. బస్సు కిటికీలోంచి చూస్తూ నేను అనుకున్నాను, నా సంఖ్య రెండు కాబోతోంది అని.

జూన్‌లో అది రెండో ఏడాదికి వచ్చాక ఆ క్లాసులో మళ్ళీ ప్రశ్న అడిగాను. ఆ గుంట కేసే చూసి అడిగాను. లేచి నిలబడింది.

"నాను కాదు మేడమ్" అని కూర్చుంది.

క్లాసయ్యాక వరండాలో పట్టుకున్నాను. "ఏమే, పండగలో మీ మావని పేడతో కడిగేవు కదా. మరి?"

"అది పండగ మేడమ్. మర్నాడు నీళ్ళు కాసి మావకి వీపు తోమింది నానే."

"ఎందుకూ?"

"దున్నాలి కదా" అంది.

విషయం అప్పుడు చెప్పింది. తండ్రి లేడు. తల్లీ, తనూ. గెడ్డవాగు పక్కన మెట్లు మెట్లుగా కొంచెం వరిపొలం ఉంది. కొట్టంలో జత ఎడ్లున్నాయి, గోడకి నాగలి ఉంది, ఇద్దరు ఆడవాళ్ళకీ ఒంట్లో బలముంది. కానీ వాళ్ళ ఊళ్ళో ఆడది నాగలి ముట్టుకోకూడదు. ముట్టుకుంటే వాన ఊరి మీద అలుగుతుంది. చేతిపారలాంటి గొప్పుతో తవ్వొచ్చు, నాట్లు వెయ్యొచ్చు, కొయ్యొచ్చు, మొయ్యొచ్చు. నాగలి మేడి పట్టి వెనక నడవడానికి మాత్రం మగ చెయ్యి కావాలి. అందుకని మేనమామ వచ్చి దున్నుతాడు. ఆయన ఒక పూట దున్నితే తల్లీకూతుళ్ళు మూడు రోజులు ఆయన పొలంలో ఉభాలు వెయ్యాలి. మావైపు నాట్లని అలాగే అంటారు. తల్లికి మోకాళ్ళు పోయాయి కాబట్టి ఆ రోజులన్నీ ఈ గుంట ఒంటి మీదే పడతాయి. అంటే వానలు మొదలైన దగ్గర్నుంచి నెలన్నర పైన కాలేజీ లేదు. హాజరు చాలకపోతే పరీక్షకి కూర్చోనివ్వరు. కిందటేడు అంచుమీద గట్టెక్కింది. ఈ ఏడు రెండో ఏడాది, ప్రిన్సిపాలు గారు ముందే హెచ్చరించారు.

"స్త్రీవాదినని నానంటే సాయంత్రానికి మా ఊరెళ్ళిపోద్ది మేడమ్. మగోళ్ళ మీదకి లేచే గుంటకి దున్నడానికి ఎవుడొత్తాడు? మీకు పెళ్ళి నేపోతే పోనీ అనుకోగలరు. నాకు నాగలి నేపోతే తిండి నేదు."

నా పెళ్ళి సంగతి దానికి ఎవరు చెప్పారో తెలీదు. కొండమీద వార్తలు మంచుకన్నా తొందరగా దిగుతాయి.

"అయితే జీవితమంతా ఇంతేనా?" అన్నాను.

అప్పుడు నవ్వింది. "ఒక ఉపాయం ఉంది మేడమ్. ఎవరితో అనకండి."

ఉపాయం పేరు పవర్ టిల్లర్. చేత్తో పట్టుకుని వెనక నడుస్తూ దున్నే యంత్రం. పాడేరు ఆఫీసులో మహిళా పొదుపు సంఘాలకి అవి ఇస్తున్నారని విని, తల్లి సంఘం తరఫున ఆ గుంట ఆరు నెలలుగా తిరుగుతోంది. యంత్రం వస్తే ఎద్దు అక్కర్లేదు, మేడి అక్కర్లేదు, మావ అక్కర్లేదు. తన పొలం తను దున్నుకుని రెండో రోజు పొద్దున్న క్లాసులో కూర్చుంటుంది. యంత్రం నాగలి కాదు కదా. పెద్దలు కాదనడానికి కారణం ఉండకూడదు. కారణం దొరక్కుండా ఉండాలంటే తన మీద ఏ మాటా రాకూడదు. అందుకని అప్పటిదాకా ఊళ్ళో ఎవరు ఏమన్నా "అలాగే" అంటోంది. గాలికొండ దాకా వినపడే గొంతుని ఊరి పొలిమేరలోనే వదిలి, వట్టి చేతుల్తో ఇంటికెళ్తోంది.

యంత్రాలు పంచే రోజు నన్నూ రమ్మంది. అరకు నుంచి పాడేరుకి జీపులో వెళ్ళడం అంటే, లోపల కూర్చున్నవాళ్ళకన్నా బయట వేలాడేవాళ్ళు సుఖపడే ప్రయాణం. ఇద్దరు మనుషుల మధ్య నేను, నా మీద ఒక మేక, మేక మీద పనసకాయ. డ్రైవరుకి లోపల చోటు లేక, తలుపు బయట నిలబడి ఒంటిచేత్తో నడిపాడు. నేను ప్రమాణం చేసి చెప్పలేను గానీ బ్రేకు తొక్కింది మేకే.

ఆఫీసు ఆవరణలో షామియానా వేశారు. వేదిక మీద విశాఖపట్నం నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మంచి చేనేత చీరలో, మంచి మాటలు చెప్పారు. నేను అన్నిటికీ తల ఊపాను. సంఘం తరఫున ఆ గుంటని పైకి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, "ఈ లోయలో పుట్టిన స్త్రీవాది ఈ అమ్మాయి" అని మైకు చేతికిచ్చారు.

ఆ గుంట ఒక్కసారి షామియానా చివర కేసి చూసింది. మైకులో నెమ్మదిగా అంది.

"కాదండి. నానలాంటిదాన్ని కాదండి. మా పెద్దలు సెప్పినట్టు నడుసుకునేవోళ్ళమండి. మాకు మెషీను ఇప్పించండి, సాలండి."

జనం నవ్వి చప్పట్లు కొట్టారు. పెద్దావిడ చెయ్యి భుజం మీదే ఉండిపోయింది, తియ్యాలో ఉంచాలో తెలియక. కిందకి దిగాక నా పక్కకి వచ్చి చెవిలో అంది. "మావ ఆఖరి బెంచీలో ఉన్నాడు మేడమ్. సూసేరా, తలూపేడు. మెషీనుకి నాక్కావల్సింది ఆ తల ఊపే."

తరవాత ఆవరణ వెనక సాలూరు మెకానిక్కు యంత్రం నడపడం చూపించాడు. మగవాళ్ళంతా చేతులు కట్టుకుని చూస్తూంటే ఆ గుంట ముందుకెళ్ళి రెండు పిడులూ పట్టుకుంది. ఒకసారి ఆగింది, ఒకసారి గెంతింది, ఒకసారి ప్రిన్సిపాలు అంత వయసున్న ఒక పూలకుండీని గుద్దింది. నాలుగోసారి దారిలోకి వచ్చింది. పొగ, చప్పుడు, దాని వెనక తల ఎత్తుకుని నిటారుగా నడుస్తూ ఆ గుంట. ఆవరణ చుట్టూ తిరిగొచ్చి ఆపి, "మేడమ్, ఎద్దు కన్నా మంచిది. మాట ఇంటంది" అంది. దాని ముఖం అంత తేటగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు. తరవాత కూడా చూడలేదు.

యంత్రం ఊరికి చేరిన రోజు ఆదివారం. సెలవైనా నేను ఘాటు దిగలేదు, వాళ్ళ ఊరెళ్ళాను. ఊరి మధ్య రాళ్ళ తిన్నె దగ్గర దాన్ని నిలబెట్టి బొట్టు పెట్టారు. పెద్దలు కూర్చున్నారు. ముహూర్తాలు చూసే దిసారి వచ్చాడు. ఆయన వయసు ఎవరికీ తెలీదు. ఆ కొండలు పుట్టినప్పుడు ముహూర్తం పెట్టింది ఆయనే అయుండాలి. ఊళ్ళో అందరికీ ఆయన తాతే. యంత్రం చుట్టూ తిరిగి చూసి, తీరిగ్గా అడగడం మొదలుపెట్టాడు. ఏ సుప్రీంకోర్టూ అంత శ్రద్ధగా విచారించి ఉండదు.

"దీనికి ఎడ్లున్నాయా?"

"నేవు తాతా" అంది ఆ గుంట.

"గడ్డి తింటదా?"

"డీజిలు తాగుద్ది."

"పేడేత్తదా?"

"పొగేత్తది."

వెనక ఎవరో నవ్వారు. తాత నవ్వలేదు. "బూమిని తెరుత్తదా మరి?"

ఆ గుంట దానికోసమే ఎదురుచూస్తోంది. వంగి, కింద చక్రానికి బిగించిన వంకర కత్తులు చూపించింది. "సూడు తాతా, నాగలి కర్రు కాదిది. ఇవన్నీ సిన్న సిన్న గొప్పులు. ఒక్కో గొప్పూ కొంచెం తవ్వుద్ది. మేం గొప్పుతో తవ్వట్లేదా? మా అమ్మ తవ్వలేదా, మీ ఆడది తవ్వలేదా? పదారు గొప్పులు ఒక్కసారి తవ్వితే అది గొప్పే గానీ నాగలెందుకవుద్ది?"

బల్లమీద సాంబారు గిన్నె పెట్టిన గొంతే, మర్యాద పూసుకుని వచ్చింది. పెద్దలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తాత కత్తుల్ని వేలితో తడిమి, "గొప్పులాగే ఉంది" అన్నాడు. మేనమామ కూడా అడ్డు చెప్పలేదు. ఆ గుంట తల్లి గుమ్మంలో మోకాళ్ళు పట్టుకుని కూర్చుని, ఊపిరి తీసుకోవడం మానేసింది. కేసు గెలిచినట్టే. నేను మనసులో జూలై, ఆగస్టు నెలల హాజరు వేసేస్తున్నాను.

తాత లేచి వెళ్ళబోతూ ఆగాడు. "నడిపి సూపించమ్మా" అన్నాడు.

ఆ గుంట సంతోషంగా పిడులు పట్టుకుంది. యంత్రం కదిలింది. పొగ, చప్పుడు. తల ఎత్తుకుని తిన్నె చుట్టూ తిరిగింది. తాత చూశాడు. చెయ్యెత్తి ఆపమన్నాడు.

"గొప్పు పట్టిన ఆడది ఎలాగుంటాది?" అని సభని అడిగాడు.

"వొంగుంటాది" అన్నారు ఎవరో.

"నాగలెనకాల మగోడు?"

అందరికీ అర్థమైపోయింది.

"వొంగి తవ్వితే గొప్పు. నిటారుగా నిలబడి ఎనకాల నడిత్తే నాగలి" అన్నాడు తాత. కోపంగా కాదు, తక్కెడలో తూచినట్టు. "ఇది నాగలే తల్లీ. నువ్వు మంచిదానివి, పెద్దల మాట ఇనీదానివి. దీన్ని ముట్టుకోకు."

నిజంగా మంచిది కాబట్టి, మాట వినేదని ఊరంతటికీ తెలుసు కాబట్టి, తిరగబడటానికి దానికి ఏ దారీ మిగల్లేదు. ఆ గుంట పిడుల మీంచి చేతులు తీసింది. పావడాకి తుడుచుకుంది.

తరవాత జరిగింది మాత్రం నేను ఎంత పెంచి చెప్పాలన్నా పెరగదు. యంత్రం ఆడవాళ్ళది. దాని మీద సంఘం పేరు ఎర్రరంగుతో ఆ గుంటే రాసింది. ఆడవాళ్ళు ముట్టుకోకూడదు కాబట్టి నడపడానికి మేనమామ కొడుకుని కుదిర్చారు. యంత్రం నడపడానికి తెలివి కావాలి, ఎడ్ల వెనక నడవడంలాంటిది కాదు, కాబట్టి అతని పూటకి మూడు రోజులు చాలవు, నాలుగు రోజులు ఉభాలు వెయ్యాలన్నారు. అంటే తమ యంత్రంతో తమ పొలం దున్నించుకోవడానికి ఆ ఆడవాళ్ళు ఎడ్ల కాలం కన్నా ఎక్కువ రోజులు వంగారు.

"ఇప్పుడైనా నోరెత్తవే" అన్నాను ఆ రోజు తిరిగి వెళ్ళేటప్పుడు, రోడ్డు దాకా సాగనంపడానికి వస్తే.

"ఇప్పుడెత్తితే మా బావ కూడా రాడు మేడమ్" అంది.

వానలు వచ్చాయి. ఆ గుంట రాలేదు. నేను ప్రిన్సిపాలు గారి దగ్గరికి వెళ్ళి దెబ్బలాడాను. ఆయన చెడ్డవాడు కాదు. సాంబారులో తన ముఖం చూసుకున్న మనిషి. రూలు పుస్తకం తిరగేసి, "జబ్బు చేస్తే వెసులుబాటు ఉందమ్మా, ఆడపిల్లకి నాగలి లేకపోతే అని ఇందులో లేదు" అన్నారు. మా స్టాఫ్ రూములో ఎకనామిక్స్ ఆయన, "మీ స్త్రీవాదులు ఆ రూలు మార్పించొచ్చు కదండీ" అన్నాడు టీ ఊదుకుంటూ. నేను లెక్క చూసుకున్నాను. ఒకటి. అదీ శనివారం దాకానే.

పరీక్షలకి ఆ గుంట పేరు లేదు. మరుసటేడు ఫీజు కట్టలేదు. వెనక బెంచీలో ఆ చోటు రెండు మూడు వారాలు ఖాళీగా ఉండి, ఇంకెవరో కూర్చున్నారు.

కొన్నేళ్ళకి అరకు శుక్రవారం సంతలో కనపడింది. ముందు గోనె పరిచి అల్లం పోసుకుంది. చంకలో చంటిపిల్ల. గొంతు మాత్రం అలాగే ఉంది, సంత అవతలి కొసన బేరమాడుతున్నవాణ్ణి ఇటు లాక్కొస్తోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పక్కన గోనె మీద కూర్చోబెట్టింది.

"బావనే సేసుకున్నాను మేడమ్. మెషీను ఇంట్లోకే వచ్చీసింది. ఇప్పుడు దున్నడానికి ఎవులికీ ఉభాలెయ్యక్కర్లేదు" అంది. అది మంచి వార్తలాగే చెప్పింది. దూరంగా రోడ్డు పక్కన ఆ యంత్రానికి తొట్టి తగిలించి ఉంది. బావ ముందు సీటు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఎర్రరంగు అక్షరాల్లో 'మహిళా' ఒక్కటే మిగిలింది, దాని మీదా సగం బురద.

నా నోరు ఊరుకోదు కదా. "అయితే ఇప్పుడు చెప్పొచ్చు కదే. ఇప్పుడు నిన్నెవరేం చేస్తారు?"

దేని గురించో మళ్ళీ చెప్పక్కర్లేకపోయింది. అల్లం మీద మట్టి దులిపింది.

"ఇప్పుడు సెప్పడానికి అడ్డేటీ నేదు మేడమ్. సదువు పోయింది, మనువయిపోయింది, పొలం దున్నుతన్నారు. పోవడానికేటీ మిగల్నేదు." మళ్ళీ అంది, "మరి ఇప్పుడు సెప్పీసి ఏటి సేసుకుంటాను?"

ఎవరో బేరానికి వచ్చారు. తక్కెడ ఎత్తింది. నాకు ఒక గుప్పెడు అల్లం సంచీలో వేసి, డబ్బులిస్తే తీసుకోలేదు.

ఆ జూన్‌లో కొత్త పిల్లలు వచ్చారు. మొదటి పాఠం అయ్యింది. అలవాటుగా పుస్తకం మూసి, అడగడానికి నోరు తెరిచాను. అప్పుడే రేకుల మీద తొలి చినుకులు పడ్డాయి. వెనక బెంచీలో ఒక గుంట కిటికీ కేసి తిరిగి, కొండమీద మబ్బు ఎంత కిందకి దిగిందో చూస్తోంది. అది వానని చూసి మురిసే చూపు కాదు. ఎవరి పొలంలో ఎన్నాళ్ళు వంగాలో చూసుకునే చూపు. వాన పెద్దదైతే ఇంకేమీ వినపడదు.

నేను ప్రశ్న మాని, వాన పెరక్కముందే బేగి రిజిస్టరు తెరిచి హాజరు పిలిచాను.